గుమ్మం బయట తేలిన క్లెయిమ్

2006లో నేను సింగపూర్ చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఉద్యోగుల సదుపాయాల మేనేజర్‌ని. ఆరోగ్య బీమా నా శాఖలోదే. క్లెయిములు కంపెనీ తరఫున నేనే పంపాలి, బీమావాళ్ళు కాదంటే నేనే పోట్లాడాలి. మొదటి పనికి జీతం వచ్చేది, రెండోదానికి రక్తపోటు.

కొత్తగా చేరిన ప్రోగ్రామర్ శ్రావణికి తొలికాన్పు అయింది. బిడ్డ రొమ్ము పట్టడం లేదు, బరువు తగ్గిపోతోంది. పాలివ్వడంలో సాయపడే నర్సును కొన్నాళ్ళపాటు ఇంటికి పిలిపించుకోమని ఆసుపత్రిలో చెప్పారు. ఆ ఫీజు ఆమె తట్టుకోగలిగేది కాదు. బీమా కంపెనీ కుదరదంది. తల్లికి జబ్బు లేదు, బిడ్డకూ లేదు, కాబట్టి ఇది చికిత్స కాదు, శిక్షణట! కీబోర్డు కొట్టి మణికట్టు నొప్పి పుడితే అదే పాలసీ ఫిజియోథెరపీ ఇప్పించేది. నాకు ఒళ్ళు మండింది. బిడ్డ జబ్బు పడేదాకా ఆగమంటారా అని అడిగాను. నర్సు చేసేది చికిత్సేనని తమ అధికారి కళ్ళారా చూసి తేలిస్తే సరేనన్నారు.

ఆ అధికారి పేరు లిమ్. పెళ్ళి కాలేదు. నర్సు రొహానీ వచ్చే వేళకు ఇద్దరం వుడ్‌ల్యాండ్స్‌లోని శ్రావణి ఫ్లాటుకు వెళ్ళాం. కాన్పుకని గుంటూరు నుంచి వచ్చిన ఆమె తల్లి కనకమ్మగారు రొహానీని గదిలోకి పంపి, హాల్లో ఉన్న మాకు మాత్రం గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు.

"పురిటి గదిలోకి మగాళ్ళేంటండీ? మీరు హాల్లోనే ఉండండి, ఆయన్నీ అక్కడే కూర్చోమనండి."

"ఆంటీ, టూ మినిట్స్ ఓన్లీ లా," అని లిమ్ తన సింగపూర్ ఇంగ్లీషులో బతిమాలాడు.

ఆవిడ గది తలుపేసేశారు.

హాలంతా బాలింతకు చేసిన వెల్లుల్లి కారం వాసన. లోపల బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. రొహానీ ఏదో మెల్లగా చెబుతోంది. ఉన్నట్టుండి ఏడుపు ఆగిపోయింది. లిమ్, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాకు భయమేసింది.

కనకమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చారు. "తాగుతోందండీ! ఇన్నాళ్ళూ నేను నానా తంటాలు పడ్డాను. ఆ అమ్మాయి పిల్లని ఇలా తిప్పి పట్టుకుందో లేదో, అందుకుంది. ఇది వైద్యం కాకపోతే ఇంకేంటంట? రాసుకోమనండి ఆయన్ని."

నేను అనువదించాను. చూడనిది ఎలా రాయాలని లిమ్ చాలాసేపు తల గోక్కున్నాడు. చివరికి నివేదికలో రెండే ముక్కలు రాశాడు: "చికిత్సను చూడనివ్వలేదు. అది పనిచేయడం విన్నాను."

క్లెయిమ్ మంజూరైంది. ఆ తర్వాత ఏ క్లెయిమ్ వచ్చినా, జబ్బు పేరు కంటే ముందు ఇంట్లో ఎవరు ఏడుస్తున్నారో అడిగేవాణ్ణి. నిబంధనలు ఆ తర్వాత చదివినా సరిపోతుంది.