పాస్టర్ అంటే కాపరి

జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కితే నా పక్కన ఒక పాస్టరుగారు కూర్చున్నారు. నందిగామలో పెళ్లి జరిపించాలట, అప్పటికే ఆలస్యమైందట. మాది విజయనగరమనీ, తెలుగు మాస్టారిననీ చెప్పా.

"అయితే మీకో మాట చెప్పాలండి. పాస్టర్ అంటే లాటిన్‌లో గొర్రెల కాపరి. మేం మా చర్చి సంఘాన్ని మంద అనేది అందుకే," అన్నారాయన. నాకది కొత్త సంగతి.

కాసేపటికి గొర్రెల మంద అడ్డమొచ్చి బస్సు ఆగింది. అన్నీ దాటాయి గానీ ఒక పిల్ల బస్సు కిందికి దూరింది. అది వచ్చేదాకా కదలనివ్వనని కాపరి ఎదురుగా నిలబడ్డాడు.

పాస్టరుగారు వాచీ చూసుకున్నారు. "ఒక్క గొర్రె కోసం ఇంతమందిని ఆపేస్తాడా?"

తొంభై తొమ్మిదింటిని వదిలి ఒక్క గొర్రెను వెతుక్కుంటూ పోయిన కాపరి కథ బైబిల్లో ఉందని నాకూ తెలుసు. కిటికీ వైపు తిరిగా. ఆయనకే తట్టినట్టుంది, బైబిలు సీట్లో పెట్టి దిగారు.

తెల్ల ప్యాంటుతోనే మోకాళ్ల మీద వంగి ప్రేమగా పిలిచారు. పిల్ల ఇంకా లోపలికి జరిగింది.

"మీరు పక్కకి రండయ్యా," అన్నాడు కాపరి మర్యాదగానే. "దానికి మీ గొంతు తెలవదు."