గట్టి గొంతూ, అదిరే సూదీ

మా ఇంట్లో మెల్లగా మాట్లాడటం ఎవరికీ రాదు. నాన్న గిలకలదిండి రేవు నుంచి బోటు మీద చేపల వేటకెళ్తాడు, చెవి పక్కనే ఇంజిను. అమ్మ రేవులో చేపల వేలంపాట దగ్గర పదిమందినీ దాటి వినపడాల్సిన మనిషి. ఆ ఇద్దరికీ పుట్టిన నేను ఫోనెత్తితే, అవతలివాళ్లకి ఫోన్ అక్కర్లేదని గుడివాడ కాలేజీలో హాస్టలంతా ఏడిపించేవాళ్లు.

అలాంటిదాన్ని, కొరివితో తల గోక్కున్నట్టు, పరిశోధనకి ఏరికోరి చప్పుడంటే గిట్టని మిషన్ని పట్టుకున్నాను. ఎండకీ ఉప్పునీటికీ వల దారం ఎందుకు పెళుసెక్కుతుందన్నది నా ప్రశ్న. ఆ మిషన్లో కంటికి ఆనని సూదిమొన ఒకటి దారాన్ని తడుముతూ దాని ఎగుడుదిగుళ్లని బొమ్మ గీస్తుంది. అది ఏఎఫ్ఎం. అదే చోట లేజరు వేసి, చెదిరి వచ్చిన వెలుగుని బట్టి అక్కడి పదార్థం ఎలా మారిందో చెప్పేది రామన్. రెండూ కలిస్తే పగులు ఎక్కడుందో, అక్కడ నైలాన్‌కి ఏమైందో ఒకేసారి తెలుస్తుంది, నేను నోరు మూసుకుని కూర్చుంటే. మొదటిసారి బొమ్మ నిండా అడ్డగీతలొస్తే, ఏదో కొత్తది కనిపెట్టేశానని గంతులేశాను.

"అవి మీ కబుర్లండీ," అన్నారు మిషను చూసుకునే మేడమ్.

నెలల తరబడి ఎదురుచూస్తే మళ్లీ నా వంతు వచ్చింది. సరిగ్గా అప్పుడే సముద్రంలో వాయుగుండం. బోట్లన్నీ రేవుకి చేరాయి, నాన్న వెళ్లింది తప్ప. ఆయన ఫోన్ కలవట్లేదు. బయల్దేరి వచ్చేస్తానంటే అమ్మ కసిరింది. "వచ్చి ఏం చేస్తావే, నీళ్లలోకి దూకుతావా? నీ పని చూసుకో!"

చూసుకున్నాను. లైట్లార్పిన గదిలో, బల్ల మీద పెడితే అదురుతుందని ఫోన్ ఒళ్లో పెట్టుకుని, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద దారం వరస వరసగా తేలుతోంది. అంత చక్కటి బొమ్మ నా జన్మలో రాలేదు. ఏం లాభం? నాన్న వల దారాన్ని వెంట్రుకలో వెయ్యో వంతు దాకా చూస్తున్నాను గానీ, నాన్న ఎక్కడున్నాడో తెలీదు.

ఒళ్లో ఫోన్ అదిరింది. అమ్మ.

"దొరికారే! దివిసీమ వైపు కొట్టుకుపోయి అక్కడ ఒడ్డెక్కారంట. అందరూ బానే ఉన్నారు!"

"నాన్నా!" అని ఒక్క అరుపు అరిచి లేచాను. మోకాలు వెళ్లి బల్లకి తగిలింది. ఇక సూదేం మిగులుతుంది, నా బొంద! పుటుక్కున విరిగి కూర్చుంది. మేడమ్ పరిగెత్తుకొచ్చి, తెర చూసి, నా మొహం చూసి, తిట్టబోయిన మనిషి కాస్తా మంచినీళ్లిచ్చారు.

కాసేపటికి ఎవరి ఫోన్లోంచో నాన్నే చేశాడు. తిన్నావా, తడిశావా, దెబ్బలేమన్నా తగిలాయా, అన్నీ ఒకేసారి అడగబోయాను. ఏడుపు అడ్డమొచ్చి ఒక్కటీ సరిగ్గా బయటికి రాలేదు.

"ఏంటమ్మా ఆ గొణుగుడు?" అన్నాడు. "గట్టిగా మాట్లాడు. నీ గొంతు వినాలనే చేశాను."