శనివారం ఫోను

మా టెస్టింగ్ మేడమ్ పోయారన్న కబురు సోమవారం పొద్దున, మేం యంత్రంలో మిరపకాయలు పోస్తుండగా వచ్చింది. ముందురోజు చర్చికి వెళ్లొచ్చి, భోంచేసి, కాసేపు నడుం వాల్చారట. మళ్లీ లేవలేదు. గుండె అన్నారు. అప్పటికే మా అందరి కళ్లలో నీళ్లున్నాయి. కాయ ఘాటుకు ఆ షెడ్డులో కళ్లు ఎప్పుడూ చెమర్చే ఉంటాయి. ఏ నీళ్లు దేనికని ఆ రోజు ఎవరూ ఎవర్నీ అడగలేదు.

గుంటూరు శివార్లలో మిరపకాయలు ఆరబెట్టే యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. కల్లంలో కాయ ఆరబోసినప్పుడు మబ్బు పడితే రైతు గుండెల్లో రాయి పడుతుంది. ఆ కాయను షెడ్డులోనే ఆరబెట్టే యంత్రం మేం చేస్తాం. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో నేను ఇంటర్న్‌గా వచ్చింది ఇక్కడికే. మాది కనిగిరి వైపు పల్లె. మా అమ్మ మిరప కోతలకు ముఠాతో కలిసి గుంటూరు వైపు వచ్చేది.

మొదటి రోజు షెడ్డులో కాలు పెట్టగానే తుమ్ములు మొదలయ్యాయి. ఆపుకుందామని ముక్కు గట్టిగా పట్టుకున్నాను. మేడమ్ తలెత్తకుండానే, "తుమ్మమ్మా ఇంజనీరూ, తుమ్ము. అవి తగ్గిన రోజున నువ్వు ఉద్యోగంలో చేరినట్టు," అన్నారు. పొన్నూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవారావిడ. ఇంటర్న్ ఎవరైనా, ఏ కాలేజీ వాళ్లైనా, అందరినీ ఇంజనీరూ అనే పిలిచేవారు. తిట్టేటప్పుడు కూడా.

తిట్లకు కొదవ ఉండేది కాదు. ఒకసారి వేడి ఎక్కువై కాయంతా మాడి నల్లబడింది. గుట్టుచప్పుడు కాకుండా పారబోద్దామని మావాళ్లు సంచికి ఎత్తారు. ఆవిడ ఆ సంచిని ఇంటికి పట్టుకెళ్లి, కొట్టించి, వెల్లుల్లి కారం చేసి తెచ్చి భోజనాల దగ్గర అందరికీ వడ్డించారు. "మాడ్చింది మనమే, తినాల్సిందీ మనమే," అన్నారు. తనూ వేసుకున్నారు. చేదు మింగుతూ మళ్లీ ఎవరం ఏదీ దాచకూడదనుకున్నాం.

ఆవిడ పెట్టిన ఆచారం ఒకటుంది. శనివారం భోజనాలయ్యాక ఇంటర్న్‌లందరూ ఆవిడ బల్ల చుట్టూ చేరాలి. ఒక్కొక్కరూ ఇంటికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఆ వారం చేసిన పనేమిటో ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. అవతలివాళ్లు పని మీద ఒక్క ప్రశ్న అడిగితే పాస్. "సరేలే, అన్నం తిన్నావా?" అంటే ఫెయిల్. చీరాల నుంచి వచ్చిన ఇంటర్న్ వాళ్ల నాన్న ఏ వారమూ అన్నం దాటి ముందుకు రాలేదు. "అదీ ప్రశ్నే కదా మేడమ్," అని అతను బతిమాలేవాడు. "నువ్వు చెప్పింది ఎక్కలేదు కాబట్టే ఆయన అన్నంలోకి దిగాడు," అనేవారు మేడమ్.

ఫోనులో అమ్మతో ఎంతైనా వాగేదాన్ని గానీ, నలుగురి ముందు నాకు నోరు పెగిలేది కాదు. ఇంటర్న్‌షిప్ చివర డైరెక్టర్ల ముందు మా పని చూపించాలి. నచ్చితేనే ఉద్యోగం. లేకపోతే ఊరికెళ్లి ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్పమని నాన్న ముందే తేల్చేశాడు. నలుగురిని చూస్తే నోరు పడిపోయే నేను నలభైమంది పిల్లల ముందు ఏం చెప్తాను? ఈ ఉద్యోగం నాకు కావాలి, కావాలంటే మాట్లాడాలి.

ఆ రోజు రానే వచ్చింది. బట్టీ పట్టిన ఇంగ్లీషు మొదటి వాక్యంలోనే ఆగిపోయింది. డైరెక్టర్లు కుర్చీల్లో కదులుతున్నారు. మేడమ్ లేచి వచ్చి నా ఫోను నా చేతిలో పెట్టారు.

"వీళ్ల సంగతి వదిలెయ్. అమ్మకు చెప్పు."

అమ్మ చేలో ఉంది. "ఏందే ఈ పూట చేశావు, ఇయ్యాల శనివారం కాదుగా?" అంది. చెప్పడం మొదలుపెట్టాను. కాయలో తేమ ఎంతుందో యంత్రానికి ఎలా తెలుస్తుందో, ఆరగానే వేడి దానంతటదే ఎలా ఆగుతుందో అంతా చెప్పాను. అమ్మ ఊఁ కొట్టింది. పక్కన కోసేవాళ్లు కూడా ఊఁ కొట్టారు. చివరికి అమ్మ అడిగింది:

"అంతా బానే ఉంది గానీ, వాన పడితే కరెంటు పోద్ది కదే. అప్పుడెట్టా?"

గదిలో అందరూ నవ్వారు. "అదింకా చూడలేదమ్మా," అన్నాను.

"ఎవరు చూస్తారు మరి?" అని ఒక డైరెక్టరు మేడమ్ వైపు తిరిగారు.

"ఈ అమ్మాయే చూస్తుందండీ. అడిగింది వాళ్లమ్మే కదా," అన్నారావిడ. అలా ఉద్యోగం దొరికింది. కరెంటు పోతే యంత్రాన్ని నడిపే బ్యాటరీ పనిలోనే నేనింకా ఉన్నాను. నా అన్నం ఆవిడ పెట్టిందే.

పొన్నూరులో, మేడమ్ ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూటానికి వెళ్లాం. ప్రార్థన అయ్యాక మేడమ్ భర్త మమ్మల్ని లోపలికి, తన తల్లి దగ్గరికి తీసుకెళ్లారు. పెద్దావిడ మంచం మీద కూర్చుని ఉంది. మంచం పక్కన నిలబడ్డాను. ఆవిడే నా చెయ్యి పట్టుకుని, "నువ్వేం పని చేస్తావమ్మా అక్కడ?" అంది.

"కరెంటు పోయినా యంత్రం ఆగకుండా చూసే పనండీ."

"అయితే కరెంటు పోతే ఎట్టా అని అడిగిందే, ఆవిడ కూతురివా?"

"మీకెలా తెలుసండీ?"

"తెలవకేం? శనివారం వచ్చిందంటే మా కోడలు బస్సు దిగి వచ్చి మీ పనులన్నీ నాకు చెప్పేది. నేను ఏదో ఒకటి అడిగిందాకా వదిలేది కాదు. నిద్రొస్తుంటే ఏదో ఒకటి అడిగేసేదాన్ని."

కళ్లు తుడుచుకుంటూనే నవ్వాం. మాకు పెట్టిన పరీక్ష ఆవిడ ప్రతి వారం తనూ రాసేవారని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. పెద్దావిడ నా చెయ్యి వదల్లేదు. "ఇంతకీ ఆ బ్యాటరీ తడిసిందందిగా మొన్న. ఆడుతోందా?" అంది.

మొన్న శనివారం కొత్త ఇంటర్న్‌లు ఇళ్లకు ఫోన్లు చేశారు. అందరిదీ అయ్యాక నేను పొన్నూరుకు కలిపి, ఫోను మేడమ్ బల్ల మీద పెట్టాను. బ్యాటరీ తడవకుండా చేసిన కొత్త మూత గురించి చెప్పాను.  ఫోనులో అవతలి ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. ఇంటర్న్‌లు బల్ల మీదికి వంగారు.

"మూత సరేలేమ్మా," అంది పెద్దావిడ. "మరి లోపలికి గాలెట్టా ఆడుద్ది?"