అత్త ముక్కు, నీలగిరి తైలం

కుప్పంలో ఆవిరి పట్టిన రోజు నుంచే మా అత్తకు మతి తప్పడం మొదలైందని మా ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు. మా ఆయన చెప్తాడు, ఆయన చెల్లెలు ఇంకా గట్టిగా చెప్తుంది, విన్న చుట్టాలు "పాపం, వయసు" అని తలలూపుతారు. నేను ఒప్పుకోను. నాతో వాదించి గెలిచే మనిషి ఈ కుటుంబంలో ఆమె ఒక్కతే. అలాంటి మతి అంత సులభంగా తప్పదు. పోయింది మతి కాదు, ముక్కు.

ముందు ఆవిరి సంగతి చెప్పాలి. పుంగనూరులో అత్త ఇంట్లో జలుబుకు మొదటి మాట నీలగిరి, డాక్టరు రెండో మాట. రోడ్డు పక్క తోపు నుంచి తెచ్చిన ఆకు, అది లేకపోతే హార్స్లీ హిల్స్ చూడబోయిన వాళ్ళెవరో తెచ్చిచ్చిన తైలం సీసా. పొయ్యి మీద తెర్లే నీళ్ళు దించి నేల మీద పెట్టి, మన నెత్తిన కంబళి కప్పి, "కండ్లు మూసుకో మ్మే, నోరు కూడా" అంటుంది. ఆ రెండోది నాకొక్కదానికే.

ఎన్ని చుక్కలు వేయాలని అడిగితే ఆమెకు కోపం. గిన్నె మీదికి వంగి సీసా వంచుతుంది. వాసన ముక్కుకు తగలగానే ఆపుతుంది. ఆమె కొలత అదే. చంటిపిల్లల దరిదాపులకు ఆ సీసాను రానివ్వదు. మంచిది కదా అని ఎవరైనా నాలుక మీద వేసుకోబోతే చెయ్యి మీద ఒక్కటి వేస్తుంది. "అది పైకే అప్పా, కడుపులోకి కాదు!" నీలగిరి తైలం తాగితే షుగరు తగ్గుతుందని వాట్సాప్‌లో తిరిగే మెసేజులకు నేను పేరాలు పేరాలు జవాబులు రాస్తుంటాను. ఆమె దెబ్బ వాటికంటే బాగా పనిచేస్తుంది.

ఇంకా ఎన్నిటికి వాడేదో. ఇల్లు తుడిచే నీళ్ళలో కాస్త, కంబళ్ళ పెట్టెలో తైలం అద్దిన గుడ్డ ముక్క, కొత్త స్టీలు గిన్నెకు అంటుకున్న స్టిక్కరు జిగురు మీద ఒక చుక్క. కొబ్బరినూనెలో కలిపి, ఎవరు నొప్పంటే వాళ్ళ మోకాళ్ళకు రుద్దేది. "దీంతో నొప్పి పోతుందా అత్తా? నిజం చెప్పు" అని ఒకసారి పట్టుబట్టాను.

"పోదు. రుద్దినంతసేపు పక్కన ఒక మనిషుంటుంది గదా" అంది.

నేనూ నా మోకాలు ముందుకు చాపాను.

ఇక కుప్పం కథ. ఆడబిడ్డకు జలుబు పట్టుకుంది. గ్రానైటు లారీల దుమ్ములో ఉండేవాళ్ళకు అది చుట్టం లాంటిది, వచ్చిందంటే ఒక పట్టాన పోదు. కూతురికి ఆవిరి పట్టాలని అత్త సీసా సంచిలో వేసుకుని బయలుదేరింది, తోడుగా నేనూ పోయాను. అంతకు కొన్నాళ్ళ ముందే అత్తకు జ్వరం వచ్చి తగ్గింది. ఎప్పటిలాగే గిన్నె మీదికి వంగింది, సీసా వంచింది. ఎంతకీ ఆపలేదు. నేను వెనక గదిలో దుప్పట్లు మడుస్తూ ఉండగా ఆ ఘాటు నాకే తగిలింది. నేను ముందు గదిలోకి వచ్చేలోపే ఆడబిడ్డ కంబళి విసిరేసి పరుగు తీసింది.

"అమ్మా, కండ్లు మండిపోతాండాయి! ఎంత పోసినావే?"

"ఎప్పుడూ పోసేంతే."

"సీసా సగం ఖాళీ అయిండాది!"

"అట్లయితే సీసాదే తప్పు."

ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు. కూతురికి మంటతో, తల్లికి ఎందుకో. అది నేను అప్పుడు గమనించాను గానీ అర్థం చేసుకోలేదు.

ఆ తర్వాత అన్నీ ఆమెకు ఎదురు సాక్ష్యాలే. పుంగనూరులో పాలు మాడి గిన్నె నల్లబడినా ఆమె పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉందట. పులిసిపోయిన పప్పు కొడుక్కే వడ్డించిందట. మా ఆయన గ్యాస్ రెగ్యులేటరు పీకి జేబులో వేసుకుని, తల్లిని మదనపల్లెకు తీసుకొచ్చాడు. మా ఇంట్లో ఆమెకు మంచముంది, టీవీ ఉంది, అన్నీ ఉన్నాయి. పొయ్యి దగ్గరికి మాత్రం పోకూడదు. బతికినన్నాళ్ళూ వండి పెట్టిన మనిషికి అది ఇంట్లో ఉంటూ ఇల్లు లేనట్టే. "నా ఇంటికి నేను పోతాను, నా పొయ్యి నాకియ్యండి" అని ఆమె, "ఆ మతితో ఒక్కదానివే యాడికి పోతావు?" అని వీళ్ళు.

ఒకరోజు వంటింట్లో నేను కొత్త పళ్ళెం మీది స్టిక్కరు జిగురుకు తైలం రుద్దుతున్నాను. మూత తీసిన సీసా గట్టు మీదే ఉంది, ఇల్లంతా వాసన. అత్త వచ్చి నా పక్కనే నిలబడింది.

"ఏం మ్మే, నీళ్ళతో అంతసేపు రుద్దుతాండావు?"

చెయ్యి ఆగిపోయింది నాకు. వీధి గేటు దగ్గరే ఆ వాసన పసిగట్టి "ఎవరికి పడిశం?" అని అరిచే మనిషి!

"అత్తా, నీకు వాసన తెలీడం లేదు కదా?"

పళ్ళెం నా చేతిలోంచి లాక్కుని తానే రుద్దడం మొదలుపెట్టింది. "ఆ జ్వరం నుంచీ తెలీడం లేదు. చెప్తే పొయ్యి కాడికి రానిస్తారా మీరు?"

"చెప్పకపోతే రానిచ్చినారా?"

"నువ్వొకదానివి, ప్రతిదానికీ ప్లీడరువి."

ముక్కు డాక్టరు నా మాటే నిజమన్నాడు. కొన్ని జ్వరాల తర్వాత వాసన పోవడం ఉందట, కొందరికి మెల్లగా తిరిగొస్తుందట. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి రోజూ పొద్దున, సాయంత్రం ఒక్కొక్కటే మనసు పెట్టి వాసన చూడమన్నాడు. ఏది చూస్తున్నామో ఆ పేరు తలుచుకుంటూ చూడాలట. అత్త నావైపు గర్వంగా చూసింది, నాలుగో పేరు తానే చెప్పించినట్టు.

వరండాలో మా సాధన మొదలైంది. కళ్ళు మూసుకోమంటే మూసుకుంటుంది, మోసం మాత్రం మానదు. లవంగాలు డబ్బాలో గలగలమంటే "లవంగం" అంటుంది. నిమ్మచెక్క చల్లగా ముక్కుకు తాకితే "నిమ్మ" అంటుంది. నేను వాసన అద్దిన దూదికి మారాను. అప్పుడు నిజం చెప్పింది. గులాబీ లేదు, లవంగం లేదు. నీలగిరి దగ్గర మాత్రం కనుబొమలు ముడిచింది.

"ఏదో సల్లగా లోపలికి పోతాండాది. వాసనయితే కాదు మ్మే."

డాక్టరునడిగితే, ఆ చల్లదనాన్ని పట్టే నరం వేరు, వాసనను పట్టే నరం వేరు అన్నాడు. ఇల్లు ఖాళీ చేసినా వాకిలి తెరిచే ఉన్నట్టు అనుకున్నాను.

మతి సంగతి తేలింది కదా, పొయ్యి ఇచ్చేయండని ఇంట్లో గొడవ పెట్టాను. ఆడబిడ్డ కుప్పం నుంచి ఫోన్‌లో ఒక్కటే అడిగింది. "గ్యాస్ లీకయితే అమ్మకెట్లా తెలుస్తుంది వదినా?" నాకు కోపమొచ్చింది, ఆ మాట సరైనది కాబట్టి. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. వాసన తిరిగొస్తే పుంగనూరు, లేకపోతే మా ఇల్లే. అత్త ఆ రోజు నుంచి మోసం చేయలేదు. దూదిని రెండు చేతులతో పట్టుకుని, దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చునేది.

ఈమధ్య పుంగనూరు ఇల్లు దులిపి రావాలని ఇద్దరం బస్సెక్కాం. రెగ్యులేటరు నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఎందుకు పెట్టుకున్నానో ఆయనకు చెప్పలేదు. అంతకు కాసేపటి ముందే వాన పడి వెలిసింది. అత్త కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. నీలగిరి తోపు దగ్గర మలుపు తిరగగానే, కళ్ళు తెరవకుండానే నా మోచెయ్యి పట్టుకుంది.

"తోపు వాసన వస్తాండాది సూడు."

"చల్లగానా, వాసనా?"

"వాసనే మ్మే. తడిసిన ఆకు వాసన."

నాకు కళ్ళు చెమర్చాయి. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది! కాపురానికొచ్చినప్పటి నుంచీ ఆమె పోయి వచ్చిన దారి అది. కళ్ళు మూసుకున్నా బస్సు ఒరిగిన తీరుకే ఏ మలుపో చెప్పగలదు.

ఇంటికెళ్ళి రెగ్యులేటరు బిగించాను. పక్కింటామె పొద్దున, సాయంత్రం వంటింట్లోకొచ్చి వాసన చూసి పోయేట్టు, రాత్రి పడుకునే ముందు అత్త సిలిండరు కట్టేసేట్టు ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాకే. అత్త ఆ పూట చింతపండు చారు కాచింది. పోపులో ఇంగువ ఘాటుగా పడింది. పోపు ఘాటు ఆమెకు ఇష్టమే, అందువల్ల అదీ సాక్ష్యానికి పనికిరాదు.

ఆమెను అక్కడే వదిలి నేను మదనపల్లెకు తిరిగొచ్చాను. రోజూ ఫోన్ చేస్తాను. "తెలుస్తాండాదా అత్తా?" అంటే "నీకు అనుమానం పోదు" అని నవ్వుతుంది, అవునని చెప్పదు, కాదని చెప్పదు. ఆ మలుపులో ఆమె ముక్కుకు నిజంగా తగిలింది తడిసిన ఆకేనా, లేక తన వంటిల్లు దగ్గర పడుతోందన్న ఆశా?