ఆదెమ్మ బొగ్గు కుండలు: పూండి నుంచి ఉద్దానం దాకా

నేను టెక్కలిలో సైన్సు పాఠాలు చెప్పే మాస్టర్ని. ఆ వేసవిలో ఉద్దానం నుంచి సోమినాయుడు అనే కొబ్బరి రైతు ఒక సీసాలో పచ్చటి నీళ్ళు తెచ్చి, "ఇందులో ఏటుందో సెప్పండి మేస్టారూ" అన్నాడు. తన తోట పక్కన ఇత్తడి బిందెలు పోసే కొలిమి ఉందట. కొత్త బిందెలను ఘాటైన ఆమ్ల ద్రావకంలో ముంచి మెరుగు తెచ్చి, ఆ నీళ్ళు పల్లంలోకి వదులుతుంటే కొబ్బరి మొక్కలు మాడిపోతున్నాయట. ఆ నీటిలో అమ్మోనియా చుక్కలు వేశాను. నెమలి మెడ రంగు తిరిగింది. "రాగి ఉంది. విషమే" అన్నాను. ఆ మాట పట్టుకుని అతను తన జాగాలోంచి కొలిమి ఎత్తేయమన్నాడని తర్వాత తెలిసింది. వారం తిరక్కుండా కొలిమి నడిపే ఆదెమ్మ నాకు ఇంకో సీసా పంపింది. అవే నీళ్ళట, తాను శుభ్రం చేసిందట. అమ్మోనియా వేస్తే రంగు రాలేదు. బావినీళ్ళు పంపి బుకాయిస్తోందనుకున్నాను. అయినా నా మాట వల్ల ఒక ఇంటి బతుకు తెరువు పోతుందంటే, కళ్ళతో చూడక తప్పదనిపించింది.

తెల్లవారుతూనే టెక్కలిలో బండెక్కి నౌపడ చేరి, అక్కడ ఉదయపు రైలు పట్టుకున్నాను. పూండికి మూడో తరగతి టిక్కెట్టు రెండణాలు. పలాస నుంచి వచ్చేవారు కూడా దిగవలసింది పూండిలోనే. స్టేషను బయట అప్పన్న అనే అతని ఎడ్లబండి కుదుర్చుకున్నాను. తూర్పుకు తిరగగానే నేల ఇసుకైపోయింది. అటూ ఇటూ కొబ్బరి, పనస, జీడితోటలు. ఎండ నేలను తాకదు. సముద్రం కనబడదు గాని హోరు వినబడుతూనే ఉంటుంది. "కొలిమి కాడికా బాబూ? బేగి ఎల్లాల. నాలుగు రోజులు పోతే అదుంటాదో నేదో" అన్నాడు అప్పన్న.

తొమ్మిదిన్నరకు చేరాం. ఆదెమ్మకు నలభై దాటి ఉంటాయి. మోచేతుల దాకా మసి. భర్త పోయాక కొలిమి ఆమే చూసుకుంటోంది. నా కబురందుకుని సోమినాయుడు అప్పటికే వచ్చి దూరంగా నిలబడ్డాడు. మోసానికి తావుండకూడదని కొలిమి నీళ్ళు నిలిచిన గుంటలోంచి పచ్చటి నీళ్ళు నేనే ముంచాను.

ఆమె ముందు వాటిలో గుల్లసున్నం కలిపింది. "పులుపు సావాల బాబూ. నేకపోతే బొగ్గు పట్టదు." అరగంటలో అడుగున నీలిమడ్డి పేరుకుంది. పైనీటిని, అడుగున చిల్లులతో ఒకదానిపై ఒకటి పేర్చిన మూడు కుండల్లో పోసింది. పై కుండలో ఇసుక, కింది రెండింటిలో మెత్తగా నలిపిన కొబ్బరిచిప్పల బొగ్గు. ఓసారి పచ్చనీళ్ళు ఒలికి బొగ్గుల రాశి మీద పడితే, కింద నుంచి పచ్చదనం తగ్గి కారాయట. అప్పటి నుంచీ ఏడాది పాటు ఏది ఎంత వెయ్యాలో తనే తేల్చుకుందట.

చివరి కుండ కింద గాజుగొట్టం పట్టి అమ్మోనియా వేశాను. లేతగా, నీలం! సోమినాయుడు దగ్గరికొచ్చి చూసి, "సూసినారా?" అన్నాడు. గొట్టం వెలుతురుకెత్తి మళ్ళీ చూశాను, నీలమే. ఆదెమ్మ మాత్రం కుండలో చెయ్యిపెట్టి బొగ్గు నలిపి చూసింది. "ఇది అలిసిపోనాది. కడుపు నిండినాక ఇంకేటి తింటాది?" అని కొత్త బొగ్గు నింపి, ఆ నీళ్ళే మళ్ళీ పోసింది. ఈసారి ఎన్ని చుక్కలు వేసినా గొట్టంలో రంగన్నది లేదు. నల్లటి పొడి, కంటికి కనబడని లోహాన్ని నీళ్ళలోంచి ఏరి తనకు అంటించుకుంది!

"మరి ఆ తిన్న బొగ్గేమవుతుంది?" అని అడిగాను. ఆమె నవ్వి, అలాంటి బొగ్గునూ నీలిమడ్డినీ ఎండబెట్టిన పాత రాశిలోంచి నాలుగు దోసిళ్ళు మట్టిమూసలో పోసి కొలిమిలో పెట్టింది. తిత్తులు ఊదగా ఊదగా మధ్యాహ్నం రెండయింది. మూస వంచితే ఇసుకలో ఎర్రగా దొర్లాయి, ఆవగింజలంతేసి రాగిపూసలు. సోమినాయుడు గొంతుక్కూర్చుని పుల్లతో వాటిని కదిపి చూశాడు.

"నీ సీసా చూసి అబద్ధమనుకున్నానమ్మా. తప్పు నాదే" అన్నాను.

"నమ్మీసుంటే మీరు రాకపోదురు బాబూ."

సోమినాయుడు లేచి, "నా మొక్కలు మాడినాయి కదా ఆదెమ్మా" అన్నాడు, ఈసారి మెల్లగా.

"మాడినాయి. మా నీల్లకే మాడినాయి, కాదన్ను. ఇంక మాడనీను."

"ఆ పల్లంలోనే మల్లీ నాటుతాను. బతికితే నీ కొలిమి ఉంటాది."

ఆ వానాకాలం దాటాక మళ్ళీ వెళ్ళాను. పది మొక్కల్లో ఎనిమిది కొత్త ఆకు వేశాయి. కొలిమి ముందు సోమినాయుడు పంపిన కొబ్బరిచిప్పలు గుట్టగా పడి ఉన్నాయి. బొగ్గు వాసన పీలుస్తుందని, రంగు లాగుతుందని ఎన్నేళ్ళుగానో పాఠం చెబుతున్నాను. దాని ఆకలి ఎంతటిదో, ఎక్కడ ఆగుతుందో చేత్తో తడిమి చెప్పగల మనిషిని మాత్రం ఉద్దానం ఇసుకలోనే చూశాను. ఆ కుండల ముందు నేను విద్యార్థినే అయ్యాను.

మీరు వెళ్తే ఒక్క జాగ్రత్త: వడగట్టిన నీళ్ళు చూడటానికి తెల్లగాజు గ్లాసు వెంట తీసుకెళ్ళండి. ఇత్తడి చెంబులో పడితే రంగు తెలియదు సరికదా, ఆ చెంబే నీళ్ళకు కాస్త రాగి అంటించి మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది.