ఇందిరాదేవి అడిగిన బ్యాలెట్ పుట్టుక

దేశం కాని దేశంలో, లోవర్ హట్ అనే ఊళ్లో మా వీధి చివరి డెయిరీ నర్సయ్య అంకుల్‌ది. డెయిరీ అంటే పాలకేంద్రం అనుకునేరు, ఇక్కడ వీధి కొట్టునే అలా అంటారు. పేరుకు ఆయనది గాని, కౌంటర్ దగ్గర కూర్చునేది ఆయన భార్య ఇందిరాదేవి ఆంటీ. నిజామాబాద్ మనిషి, చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు మాట ఒకటి దొరికితే దాని తాతముత్తాతల దాకా పోనిదే వదలదు. పొద్దున రైలుకు పరుగెత్తే నాలాంటి వాణ్ని ఆపి మరీ అడుగుతుంది.

ఎన్నికల నెలలో ఒకరోజు పాల కోసం వెళ్తే పట్టుకుంది.

"బ్యాలెట్ బ్యాలెట్ అని చిన్నప్పటి సంది వింటున్న. అసలు గా మాట యాడ పుట్టింది బిడ్డా?"

తెలిసినట్టు నటించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆమె దగ్గర మాత్రం నా పప్పులుడకవు. ఫోన్ తీసి చూశాను. ఇటలీ మాటట, చిన్న గోళీ అని అర్థం. వెనకటికి కాగితాలకు బదులు గోళీలు వేసేవారట. తెల్లది ఔను, నల్లది కాదు. ఏది వేశారో ఎవరికీ కనబడకుండా గుప్పిట మూసి వేసేవారట.

"పక్కోనికి ఎర్కగాకుండనా?" ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "ఇంటోళ్లకు సుత?"

"ఇంట్లోవాళ్లకి కూడా ఆంటీ."

లోపలికి వెళ్లి కాబూలీ శనగలు, నల్ల శనగలు, ఒక చెంబు పట్టుకొచ్చింది. గుప్పిట మూసి ఒక గింజ చెంబులో వేసి, ఏ రంగుదో చెప్పమంది. తెల్లది అన్నాను, నల్లది. మూడుసార్లూ ఓడిపోయాను. రైలు కూడా పోయింది. ఆమె పకపకా నవ్వి, చెంబు పక్కన పెట్టింది.

అప్పుడు చెప్పింది. ముప్పై ఏళ్లుగా అంకుల్ చూపించిన గుర్తుకే వేసిందట. వాళ్ల వైపు అది మామూలే, ఇంటి ఓట్లన్నీ ఇంటాయన చేతిలో ఉంటాయి. ఈ దేశంలో ఆమెకిది మొదటి ఓటు. ఎవరికి వెయ్యాలో ఆయన అప్పుడే చెప్పేశాడు. ఈమె మాత్రం కరపత్రాలన్నీ కూడబలుక్కుని చదివి వేరే పార్టీని ఎంచుకుంది.

"ఎట్లనన్న ఆయనకు తెలుస్తదేమో అని భయమైతుండె" అంది. మా అమ్మ ఎవరికి ఓటేసేదో నేనెప్పుడూ అడగలేదు.

శనివారం వాళ్ల కారులోనే నేనూ పోలింగుకు వెళ్లాను. ఆంటీ కాగితం పెట్టెలో వేసి, అలవాటు కొద్దీ సిరా చుక్క కోసం ఎడమచేతి వేలు చాపింది. ఇక్కడ చుక్క పెట్టరని అక్కడి అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

బయటికి రాగానే అంకుల్ అడిగాడు. "నేను చెప్పినోళ్లకే ఏసినవ్ గదా?"

"చెప్ప."

"ఏందే, ముప్పయ్యేండ్ల సంది లేనిది?"

ఆమె కారు తలుపు తీస్తూ అంది.

"ముప్పయ్యేండ్ల సంది నీకు రెండు ఓట్లుండె. ఇయ్యాల్టి సంది ఒక్కటే."