చేతిలో ఇనుము

వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే బస్సులో నా ముందు నిలబడ్డ యువకుడు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయాడు. డ్రైవర్ బస్సు ఆపాడు. "తాళాలు, తాళాలు" అని అందరూ కేకలేశారు. నేనూ ఇంటి తాళాలగుత్తి తీసి అతని చేతిలో పెట్టబోయాను.

పక్క సీటులోని పెద్దావిడ నా మణికట్టు పట్టుకుని ఆపింది. "వద్దు బిడ్డా. జర గాలి ఆడనియ్యుండ్రి."

కింద కూర్చుని అతన్ని ఒక పక్కకు తిప్పింది. తన సంచి తల కింద పెట్టి, నోటి నురగను కొంగుతో తుడిచింది.

"ఇనుము పట్టుకుంటెనే ఆగుతది గదమ్మా," అన్నాడు కండక్టర్ విసుగ్గా.

ఆమె తలెత్తలేదు. "నా కొడుక్కు గూడ గిట్లనే వచ్చేది. గోలీలు ఎందుకని బంద్ జేసి, చేతికి ఇనుప కడెం ఏసినం. కాలువ తవ్వే పనికి పోయిన కాడ ఫిట్స్ వచ్చి నీళ్ల గుంతల పడ్డడు. కడెం చేతికే ఉండె. గడ్డపార గూడ చేతులనే ఉండె. బయటికి తీసినంక గూడ ఇడువలే."

యువకుడు కళ్లు తెరిచేదాకా ఆమె అతని భుజం మీది నుంచి చెయ్యి తీయలేదు. తర్వాతి ఊళ్లో సంచి దులుపుకుని దిగిపోయింది.

నాగర్‌కర్నూల్‌లో దిగేటప్పుడు చూసుకుంటే, తాళాలగుత్తి ఇంకా నా పిడికిలిలోనే ఉంది.